మాంట్రియల్‌లో టెలివిజన్: తొలినాళ్లు

కెనడాలో క్రమబద్ధమైన టెలివిజన్ ప్రసారాలు మొదట అందుకున్న నగరం మాంట్రియల్. ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ 1952 సెప్టెంబరు 6న ఇక్కడ సీబీఎఫ్‌టీ కేంద్రాన్ని ప్రారంభించింది. టొరంటో వంతు రెండు రోజుల తర్వాత వచ్చింది. అంతకుముందు 1931లోనే 'లా ప్రెస్' పత్రిక, కెనడియన్ మార్కోనీ కంపెనీ కలిసి వీఈ9ఈసీ పేరుతో యాంత్రిక టెలివిజన్ ప్రయోగాలు చేశాయి కానీ, అవి కొన్నేళ్లకే ఆగిపోయాయి.

ఇక్కడ అసలు చిక్కు సాంకేతికత కాదు, భాష. ఉన్నది ఒక్కటే చానెల్. చూసేవాళ్లలో ఫ్రెంచివారూ ఇంగ్లీషువారూ ఉన్నారు. దాంతో రెండు భాషల కార్యక్రమాలూ ఒకే తెరపై వంతులవారీగా నడిచాయి. ఒకరి కార్యక్రమం వస్తున్నంతసేపూ రెండోవారు ఓపిక పట్టాల్సిందే! 1954 జనవరిలో ఇంగ్లీషుకు ప్రత్యేకంగా సీబీఎంటీ రావడంతో సీబీఎఫ్‌టీ పూర్తిగా ఫ్రెంచి కేంద్రమైంది.

జనాన్ని టీవీ ముందు కూర్చోబెట్టినవాటిలో ముందు చెప్పాల్సింది ఐస్ హాకీ. 1952 అక్టోబరు 11న మాంట్రియల్ కెనేడియన్స్ ఆటను రెనే లెకవాలియే ఫ్రెంచి వ్యాఖ్యానంతో ప్రసారం చేశారు. 1953లో మొదలైన 'లా ఫమీ ప్లూఫ్' ధారావాహికను రచయిత రోజే లెమెలాఁ తన నవల ఆధారంగా రాశారు. క్విబెక్ నగరంలోని ఒక శ్రామిక కుటుంబం కథ అది. తర్వాత దాన్ని ఇంగ్లీషులోనూ నటించి చూపారు.

1958 డిసెంబరు చివర సీబీసీ ఫ్రెంచి విభాగం నిర్మాతలు సమ్మెకు దిగారు. అది రెండు నెలలకు పైగా సాగింది. 'ప్వాఁ ద మీర్' కార్యక్రమ వ్యాఖ్యాత రెనే లెవెక్ వారి పక్షాన నిలిచారు. 1976లో ఆయనే క్విబెక్ రాష్ట్ర ప్రధాని అయ్యారు.

ప్రైవేటు కేంద్రాలు సీఎఫ్‌సీఎఫ్ (ఇంగ్లీషు), సీఎఫ్‌టీఎం (ఫ్రెంచి) 1961లో ప్రసారాలు ప్రారంభించాయి.