దూలం దిగింది, శ్లాబు ఎక్కింది

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం తప్పే. కానీ పాత ఇంటి చరిత్ర తెలియాలంటే మొదట లెక్కపెట్టాల్సినవి అవే. పూరిల్లయినా మేడయినా కట్టేవాడికి ఎదురయ్యే అసలు చిక్కు ఒకటే. కప్పు బరువును నేలలోకి దించడం ఎలా? తెలుగునాట ఇళ్ల రూపురేఖలు మారినప్పుడల్లా ఈ ప్రశ్నకు జవాబు మారింది.

గుంజలు పాతి కట్టిన పూరింట్లో మధ్యన నిట్టాడు, దాని మీద దూలం, అక్కడి నుంచి చూరు దాకా వాలుగా వాసాలు. బరువంతా గుంజలదే. తడికకో మట్టిగోడకో గాలినీ ఎండనూ ఆపడమే పని.

రాయలసీమ మట్టిమిద్దెది ఇందుకు పూర్తిగా తిరగబడిన లెక్క. వానలు తక్కువ కాబట్టి కప్పుకు పెద్దగా వాలు అక్కర్లేదు. దూలాల మీద దంతెలు దగ్గర దగ్గరగా పేర్చి, వాటి మీద కట్టెలో బండలో పరిచి మట్టి మెత్తుతారు. ఆ పైన చౌడు పోస్తారు. పంట పండని ఆ చౌడే ఇక్కడ అక్కరకొస్తుంది. తడిస్తే మెత్తబడి సందులన్నీ పూడ్చేసి నీటిని కిందికి దిగనివ్వదు. వానాకాలం ముందు మళ్లీ ఇంత చౌడు పోయాల్సిందే. జానెడు మందం మట్టి చదరపు మీటరుకు పావు టన్ను పైమాటే. అంత బరువు మోయాలి కాబట్టే రాతిగోడలు అంత లావు. కిటికీలు చిన్నవి, తక్కువ. వెలుతురు కోసం కప్పులోనే గవాక్షి.

గోదావరి జిల్లాల కథ వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పంటతో పాటు డబ్బూ పెరిగింది. ఏజెన్సీ అడవుల నుంచి నది మీద తెప్పలుగా టేకు దిగింది, రంగూన్ వైపు నుంచి బర్మా టేకు ఓడలెక్కి వచ్చింది. మండువా లోగిళ్లకు చేవ ఇచ్చింది ఈ కలపే. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి ఉంటే, మండువా చుట్టూ నిలిచిన స్తంభాలు దూలాలను మోస్తాయి. అందం గురించి అందరూ రాశారు గానీ, నాలుగు మూలల్లో వాలులు కలిసేచోట కారే నీళ్లతో పడిన అవస్థ గురించి ఎవరూ చెప్పరు. నాటుపెంకును కోతులు కదిపితే ఏటా మళ్లీ నేయించుకోవాలి.

1865లో మంగళూరులో బాసెల్ మిషన్ తరఫున గెయోర్గ్ ప్లెబ్స్ట్ పెంకుల ఫ్యాక్టరీ పెట్టాడు. గాడిలో గాడి ఇమిడే ఆ పెంకు మన దగ్గరికీ వచ్చింది. కొన్ని ఊళ్లలో దాన్ని బెంగుళూరు పెంకు అనడం అలవాటు. బద్దెలతో కలిపి చదరపు మీటరుకు సుమారు 65 కిలోలే తూగుతుంది.

మరి శ్లాబు? అయిదంగుళాల శ్లాబు అదే చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. అంత బరువెక్కినా గోడలు సన్నబడ్డాయంటే కారణం ఇనుము. కాంక్రీటు నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనం. ఆ లాగుడును కాసేందుకే లోపల రాడ్లు. ఫ్రాన్సులో పూలతొట్లు చేసుకునే తోటమాలి జోసెఫ్ మోనియే 1867లో ఇలా ఇనుము కలిపే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1892లో ఫ్రాంస్వా ఎన్‌బిక్ స్తంభం, దూలం, కప్పు ఏకఖండంగా పోసే విధానానికి పేటెంట్ పొందాడు. మన దేశంలో 1914లో పోర్‌బందర్‌లో సిమెంటు తయారీ మొదలైంది. పల్లెలకు శ్లాబు చేరడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో పూరిళ్లు కొట్టుకుపోవడం చూసిన తీరప్రాంతానికి దాని మీద గురి కుదరడం సహజమే.

పిల్లర్లూ బీములూ ఉన్న ఇంట్లో గోడ మళ్లీ తడిక పనిలోకి వచ్చింది. పాత రాతిగోడల ఇంట్లో, పిల్లర్లు లేని ఇటుక గోడల ఇంట్లో అలా కాదు. హాలు పెద్దది చేద్దామని అక్కడ గోడ కొట్టేస్తే కప్పు కాలు తీసేసినట్టే.

కొత్తగా కట్టుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. రెండు వైపులా ఆధారమున్న బీముకు మధ్యభాగంలో లాగుడు కింద పడుతుంది, అందుకే ముఖ్యమైన రాడ్లు అడుగున వేస్తారు. గోడ దాటి గాలిలోకి వచ్చే బాల్కనీకి, సన్‌షేడుకు లాగుడు పైన. అక్కడ ప్రధాన రాడ్లు పైభాగంలోనే ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కి వాటిని కిందికి దింపేస్తుంటారు. పోతపోసే రోజు మేస్త్రి పక్కన నిలబడి ఆ రాడ్లు పైనే ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి.