రూపాయి బిళ్ళంత మట్టి: మన ఆటబిళ్ళల చరిత్ర, వాటిని శుభ్రం చేసే తీరు



గుడిబండ దుర్గం మనకు తెలుసు. కైవారం తాతయ్య మనకు తెలుసు. 1726లో పుట్టి నూటపదేళ్ళు బతికి, అటు కన్నడంలోనూ ఇటు తెలుగులోనూ తత్త్వాలు చెప్పిన ఆ మహానుభావుడి పేరు ఎత్తకుండా మన పక్క చరిత్ర మాట్లాడలేం. ఈసారి మాత్రం మేము కోట గురించీ రాయడం లేదు, యోగి గురించీ రాయడం లేదు. రూపాయి బిళ్ళంత మట్టిముక్క గురించి రాస్తున్నాం. చదివాక మీ ఇంటి అటకమీద ఒకసారి వెతకండి.

మన ఆడపిల్లలు వాకిట్లో గళ్ళు గీసి ఆడిన తొక్కుడుబిళ్ళ గుర్తుందా? కన్నడంలో కుంటెబిల్లె అంటారు. ఆ ఆటకు బిళ్ళ అంగట్లో కొనేది కాదు. పగిలిన కుండ పెంకు ఒకటి తీసుకుని, రాతిమీద అంచులు అరగదీసి గుండ్రంగా చేసుకునేవాళ్ళు. మరీ తేలికైతే విసిరిన గడి దాటి దొర్లిపోతుంది, మరీ బరువైతే కాలితో జరపలేం. తగిన పెంకు దొరికితే దాన్ని ఏడాదంతా దాచుకునేవాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. సరిగ్గా ఇలాంటి బిళ్ళలే దక్షిణ భారతంలో పాత ఊళ్ళు తవ్విన చోటల్లా బయటపడుతున్నాయి. తమిళనాడులో మదురై దగ్గర కీళడి తవ్వకాల్లో కుండ పెంకును అరగదీసి చేసిన గుండ్రటి బిళ్ళలు వందల సంఖ్యలో దొరికాయి. వాటితోపాటు కాల్చిన మట్టితో చేసిన పావులు, పాచికలు కూడా దొరికాయి. రెండువేల ఏళ్ళకు పైబడిన ఊరు అది. ఇంకా వెనక్కి పోతే సింధు నాగరికతలోని మొహెంజొదారోలో కాల్చిన మట్టి పాచికలు దొరికాయి. ఈనాటి పాచికలో ఎదురెదురు ముఖాల చుక్కలు కలిపితే ఏడు వస్తుంది. అక్కడి పాచికల్లో ఒకటికి ఎదురుగా రెండు, మూడుకు ఎదురుగా నాలుగు, ఐదుకు ఎదురుగా ఆరు ఉన్నవి ఉన్నాయి. అంటే నాలుగువేల ఏళ్ళ కిందటే ఆటకు ఒక పద్ధతి, ఒక లెక్క ఉన్నాయన్నమాట.

శాసనాలు రాజు పేరు చెబుతాయి, దానం ఇచ్చిన భూమి కొలత చెబుతాయి. వీరగల్లు యుద్ధంలో పడిన మనిషిని చూపిస్తుంది. అదే ఊళ్ళో పొలం పని ముగించుకుని వచ్చిన ఆడమనిషి సాయంత్రం ఏం చేసిందో, పిల్లలు ఏం ఆడుకున్నారో ఏ రాతిమీదా చెక్కలేదు. ఆ ముచ్చట చెప్పగలిగింది ఈ మట్టిబిళ్ళే. మనలో చాలామంది తాతముత్తాతలు శాసనాలు వేయించిన వాళ్ళు కాదు, కుండలు చేసినవాళ్ళు, ఆ కుండల్లో వండుకున్నవాళ్ళు. కాబట్టి మన చరిత్ర కూడా ఎక్కువగా పెంకుల్లోనే ఉంది.

రాజులు ఆడలేదని కాదు. మైసూరును ఏలిన మూడవ కృష్ణరాజ ఒడెయరు గారికి, అంటే మనవాళ్ళు ముమ్మడి కృష్ణరాజు అనే ప్రభువుకు, ఆటలంటే ప్రాణం. 1794లో పుట్టి 1868లో కన్నుమూసిన ఆ రాజు చదరంగంలో, గంజీఫాలో కొత్త కొత్త ఆటలు కల్పించాడు. ఆయన శ్రీతత్త్వనిధిలో కౌతుకనిధి అనే భాగమే దీనికి కేటాయించాడు. గంజీఫా అంటే చేత్తో బొమ్మలు గీసి, లక్కపూత పూసిన గుండ్రటి పేకముక్కలు. దశావతార గంజీఫాలో పది అవతారాలకు పన్నెండేసి చొప్పున 120 ముక్కలు. మొగలాయీ గంజీఫాలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. రాజు చేతిలో గంజీఫా, పల్లెలో పెంకుబిళ్ళ. రెండూ గుండ్రమే, రెండూ ఆటకే. ఒకటి అద్దాల బీరువాలోకి చేరింది, ఇంకొకటి చెత్తకుప్పలో పడింది.

ఇక బెంగళూరులోనూ విదేశాల్లోనూ ఉద్యోగాలు చేసే మన పిల్లలు తెచ్చే మూడో రకం బిళ్ళ ఒకటుంది. అదే పోకర్ చిప్పు. అమెరికాలో పోకర్ పుట్టిన కొత్తలో బంగారు పొడి, నాణేలు పందెం పెట్టేవారు. తర్వాత ఎముక, దంతం, కొయ్య బిళ్ళలు వచ్చాయి. 19వ శతాబ్దం చివరి రోజులకు మట్టి కలిపిన బిళ్ళలు వచ్చాయి. వాటిని క్లే చిప్స్ అంటారు గానీ అవి మన కుండలాగా ఆవంలో కాల్చినవి కావు. మట్టి, సుద్దలాంటి పొడులకు లక్క కలిపి, వేడి అచ్చుల్లో గట్టిగా నొక్కి చేసినవి. పాత చిప్పుల్ని నాణేల్లాగా సేకరించేవాళ్ళు ఈనాడు చాలామంది ఉన్నారు. జూదం మాట పక్కన పెడదాం, ధర్మరాజు కథ తెలిసిన మనకు దాని సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. వస్తువుగా చూస్తే అది కూడా చరిత్రే.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మన పక్కల మట్టి ఇంతగా కదిలింది మునుపెన్నడూ లేదు. చెరువుల పూడిక తీసి పొలాలకు తోలుతున్నాం. కృషి హొండాలు తవ్వుకుంటున్నాం. పాత మట్టిమిద్దెలు పడగొట్టి ఆర్‌సీసీ ఇళ్ళు కట్టుకుంటున్నాం. ఇవన్నీ కావలసిన పనులే. కానీ ప్రతి ట్రాక్టరు మట్టిలోనూ నాలుగు పెంకులుంటాయి, అందులో ఒకటి అంచులు అరగదీసిన బిళ్ళ కావచ్చు. అది దొరికిన మనిషి మంచి మనసుతోనే చేసే మొదటి పని కడగడం. చాలాసార్లు ఆ కడగడంలోనే అది చెడిపోతుంది.

ఎలా చెడిపోతుందో చెబుతాం. కాల్చిన మట్టిలో కంటికి కనబడని రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. కుండలో నీళ్ళు చల్లబడేది ఆ రంధ్రాల వల్లే. మన బోరు నీళ్ళ సంగతి మీకు చెప్పేదేముంది? వెయ్యి అడుగులు దాటి తోడుతున్నాం, ఫ్లోరైడు, ఉప్పు, సున్నం అన్నీ అందులోనే. ఆ నీళ్ళలో బిళ్ళను నానబెడితే ఉప్పు రంధ్రాల్లోకి పోతుంది. ఆరాక ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బుతుంది, పైపొరను లోపలినుంచి నెట్టేస్తుంది. కొన్నాళ్ళకు తెల్లటి పొడి కనబడి, పొర పొలుసులుగా రాలుతుంది. బోరు నీళ్ళు పీల్చుకున్న మన ఇంటి గోడల కింది భాగంలో సున్నం రాలడం చూశారు కదా, అదే జబ్బు.

అందుకని కాల్చిన మట్టి బిళ్ళ, పావు, బొమ్మ ఏది దొరికినా ఈ వరస పాటించండి.

మొదట ఏమీ చేయకండి. దొరికిన చోటే ఫోటో తీయండి. ఏ పొలం, ఎంత లోతు, పక్కన ఇంకేమున్నాయో కాగితంమీద రాయండి. చోటు తెలియని పెంకు సగం మూగది.

రెండోది, నీడలో ఆరనివ్వండి. ఆరాక మెత్తటి పెయింటు బ్రష్షుతో గాని గడ్డం బ్రష్షుతో గాని దుమ్ము దులపండి. గట్టిగా అంటుకున్న మన్నును వెదురుపుల్లతో మెల్లగా కదపండి. సూది, బ్లేడు, ఇనుప పీచు వద్దు. చాలా బిళ్ళలకు ఈ పని చాలు, ఇక్కడితో ఆపేయవచ్చు.

మూడోది, తడి తగలాలా వద్దా అని పరీక్ష. ఒక మూల తడి దూదితో ఒక్కసారి తాకండి. దూదికి రంగు గాని మెత్తటి మట్టి గాని అంటితే ఆపండి. పచ్చిమట్టితో చేసి ఎండబెట్టిన వస్తువు నీళ్ళలో కరిగిపోతుంది. రంగులు వేసినవి, పగుళ్ళున్నవి, పొలుసులు రాలేవి, తెల్లపొడి పట్టినవి కూడా తడపకూడదు.

నాలుగోది, గట్టిగా ఉండి తడి తట్టుకునేదైతే బోరు నీళ్ళు కాకుండా డిస్టిల్డ్ వాటర్ వాడండి. బ్యాటరీలకు పోసే నీళ్ళని అంగడిలో దొరుకుతాయి. బ్రష్షును అందులో ముంచి తుడవండి, బిళ్ళను మాత్రం నానబెట్టకండి. తర్వాత గుడ్డమీద పెట్టి నీడలో రెండుమూడు రోజులు ఆరనివ్వండి. ఎండలో, పొయ్యి దగ్గర, ఓవెన్‌లో పెట్టకండి. కుండ చివరిసారి ఎప్పుడు కాలిందో లెక్కగట్టే శాస్త్రం ఒకటుంది, థర్మోల్యూమినిసెన్స్ అంటారు. మళ్ళీ గట్టిగా వేడి చేస్తే ఆ గడియారాన్ని మనమే తుడిచేసినట్టు.

చింతపండు, నిమ్మరసం, సబ్బుపొడి, బ్లీచింగ్, బాత్రూము యాసిడ్ ఏదీ వద్దు. ఇత్తడి చెంబుకు చింతపండు మంచిదే, మట్టికి కాదు. మట్టిలో సున్నం పాలు ఉంటే పులుపు దాన్ని తినేస్తుంది. నిగనిగలాడాలని నూనె, వార్నిషు పూయకండి, అవి లోపలికి ఇంకిపోయి దుమ్మును పట్టి ఉంచుతాయి.

పోకర్ చిప్పుల లెక్క వేరు. అందులో ఉన్నది లక్క కాబట్టి దానికి శత్రువులు వేడి, స్పిరిటు. వేడినీళ్ళలో వేస్తే వంకర పోతాయి. గిన్నెలు కడిగే మిషన్లో అసలే వేయకూడదు. కరోనా నాటినుంచి ప్రతి ఇంట్లో ఉన్న శానిటైజర్‌తో తుడిస్తే, అందులోని ఆల్కహాలు లక్కను కరిగించి అచ్చుగీతల్ని చెరిపేస్తుంది. మెత్తటి గుడ్డను చల్లటి నీళ్ళలో తడిపి గట్టిగా పిండి, అవసరమైతే ఒక చుక్క గాఢత లేని సబ్బు కలిపి, ఒక్కొక్క బిళ్ళనే తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దండి. మధ్యలో కాగితం ముద్ర ఉన్నవాటికి తడి ఇంకా తక్కువ ఉండాలి. ముందుగా సెట్టులో విలువ తక్కువైన బిళ్ళమీద చేసి చూడండి. గంజీఫా ముక్కలైతే ఇంట్లో ఏమీ చేయొద్దు, పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి తెలిసినవాళ్ళకు చూపించండి.

చివరగా చట్టం మాట. భూమిలో దొరికిన విలువైన వస్తువును జిల్లా కలెక్టరుకు, అంటే మన డీసీ గారికి, తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతుంది. ఆ చట్టం రాసుకున్న విలువ పది రూపాయలు దాటితే చాలు. నూరేళ్ళు దాటిన కళావస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తాయి. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి, సొంతంగా దేశం దాటించకూడదు. అవ్వ ఆడుకున్న తొక్కుడుబిళ్ళ దాచుకుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ పొలంలో ఒకేచోట కుప్పగా పెంకులు, ఎముకలు, బండలు పేర్చిన సమాధులు బయటపడితే ట్రాక్టరు ఆపండి. మనవాళ్ళు పాండవుల గుళ్ళు అని, కన్నడిగులు మోర్యర మనె అని పిలిచే ఆ సమాధులు ఇనుపయుగం నాటివి. తాలూకా ఆఫీసుకో, పురావస్తు శాఖకో ఒక మాట చెప్పండి. మీ పొలం లాగేసుకుంటారన్న భయంతో గుట్టుగా పూడ్చేస్తే పొలం ఉంటుంది గానీ ఊరి కథ పోతుంది.

మేము అడిగేది పెద్ద పనేమీ కాదు. మీ ఇళ్ళలో మట్టి పావులు, బిళ్ళలు ఏవున్నా కడగకుండా ఫోటో తీసి, ఎవరిది, ఏ ఊరిది, ఏ ఆటకు వాడేవారు అన్న మూడు మాటలు రాసి ఇక్కడ పెట్టండి. ఎనభై దాటిన అవ్వలు ఇంట్లో ఉంటే ముందు వాళ్ళను అడగండి. ఆట ఎలా ఆడేవారు, ఓడినవాళ్ళు ఏమిచ్చేవారు, పాట ఏదన్నా ఉందా అని రాసుకోండి. పెంకు ఇంకో వెయ్యేళ్ళు ఉంటుంది, దాని ఆట తెలిసిన మనుషులు అన్నాళ్ళు ఉండరు.