చేవ

కడియపు నర్సరీలలో గుప్పెడు మట్టిపై నిలిచిన టేకుమొక్కను కొని పొలముగట్టున నాటు రైతు, దాని కాండములో ఏండ్లు గడచినగాని రూపొందని యొక పదార్థమునకై నిరీక్షించుచున్నాడు. ఆ పదార్థమునకు మన వడ్రంగుల నోట నిలిచిన పేరు చేవ. తమిళమున వృక్షగర్భమును దెలుపు ‘చేగు’ శబ్దము దీనికి జ్ఞాతియే. ‘చేగ’ యను రూపాంతరము తెలుగునను గలదు. సంస్కృతమున దీనిని సారమందురు.

వృక్షము పెరిగినకొలది లోపలి పొరలు నీటిని మోయుట మాని, తైలములను, వర్ణద్రవ్యములను నింపుకొనును; వెలుపలి తెల్లచెక్కలో పిండిపదార్థము నిలుచుటచే పురుగు దానిని దొలుచును గాని, ముదిరిన టేకుచేవను ముట్టుటకు చెదయు జంకును. కావుననే గోదావరిపై తెప్పలుగా దిగివచ్చిన మన్యపు టేకు, రాజమహేంద్రవరపు అడితులకు చేరి, డెల్టా గృహములలో ద్వారబంధములై, పందిరిమంచములై, భోషాణములై తరతరములు నిలిచినది.

మానునుండి యీ మాట మనిషికి సంక్రమించినది: దృఢచిత్తుని చేవగలవాడనియు, నిరుత్సాహుని చేవచచ్చినవాడనియు లోకము వ్యవహరించును. కాలము గడువనిదే చేవ యేర్పడదు గనుక, లేతమానును తొందరపడి నరికి మంచములు, బల్లలు చేయించుట కొనువానికిని మానునకును సమానముగ అన్యాయము.