రహస్య పాత్రల ఆటలలో గుక్క నియమాలు

రహస్య పాత్రల ఆటలు అనగా ఆటగాళ్ళలో కొందరి పాత్రలు మిగిలినవారికి తెలియకుండా ఉండి, మాటలు, ప్రవర్తన, ఓట్లు ఆధారంగా ఎవరు ఎవరో కనుగొనవలసిన ఆటలు. మాఫియా, వేర్‌వుల్ఫ్, రెసిస్టెన్స్ వీటిలో ప్రసిద్ధమైనవి. తెలుగువారి చీట్ల ఆటలైన రాముడు-సీత, దొంగ-పోలీసు కూడా ఈ కోవకే చెందుతాయి. విందులలోను, స్నేహితుల కలయికలలోను ఈ ఆటలు ఆడేటప్పుడు, ఓడినవారు లేదా పొరబడినవారు తమ గ్లాసులోని పానీయాన్ని ఒక గుక్క తాగాలని పెట్టుకొనే అదనపు షరతులను గుక్క నియమాలు అనవచ్చు. ఈ పానీయం మద్యం కావచ్చు, కాకపోవచ్చు. ఇవి ఆటల అసలు నియమావళిలో భాగం కావు. ఆడేవారు తమలో తాము ఒప్పుకొని చేర్చుకొనేవి మాత్రమే.

చరిత్ర

ఆటలో ఓడినవారు తాగాలనే ఆచారం చాలా పురాతనమైనది. ప్రాచీన గ్రీకుల విందులలో గ్లాసు అడుగున మిగిలిన ద్రాక్షసారాను గురిచూసి విసిరే కొట్టాబోస్ అనే ఆట ఉండేది. చైనాలో క్రీ.శ. 353లో జరిగిన లాన్‌టింగ్ సమావేశంలో ప్రసిద్ధ లేఖకుడు వాంగ్ షీజీ, ఇతర కవులు ఒక వాగు ఒడ్డున కూర్చొని, నీటిపై మద్యపు గిన్నెలను వదిలారు. గిన్నె తమ వద్దకు వచ్చేసరికి పద్యం చెప్పలేకపోయినవారు శిక్షగా తాగవలసి వచ్చింది.

తాగుడులో బలవంతం ఉండాలా, వద్దా అనే చర్చ కూడా అంతే పాతది. ప్లేటో రచించిన సింపోజియంలో, క్రీ.పూ. 416 నాటి విందుకు వచ్చినవారు, ముందురోజు అతిగా తాగి ఉన్నందున, ఆనాడు ఎవరికి ఇష్టమైనంత వారు తాగాలని, బలవంతం ఉండరాదని ఒప్పందం చేసుకుంటారు. ఆ సలహాను సమర్థించిన ఎరిక్సిమాకస్ వృత్తిరీత్యా వైద్యుడు. తరువాత మత్తులో వచ్చిన అల్సిబయాడీస్ తనను తానే విందుకు పెద్దగా ప్రకటించుకొని ఆ ఒప్పందాన్ని తారుమారు చేస్తాడు.

ఆధునిక రహస్య పాత్రల ఆటలకు మూలం మాఫియా. దీనిని 1986-87 ప్రాంతంలో మాస్కో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో దిమిత్రీ డేవిడాఫ్ రూపొందించాడు. 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ దీనికి మనిషి-తోడేలు కథను జోడించి వేర్‌వుల్ఫ్‌గా మార్చాడు. డాన్ ఎస్క్రిడ్జ్ రూపొందించిన రెసిస్టెన్స్, దాని తరువాతి రూపమైన అవలాన్ (2012), సీక్రెట్ హిట్లర్ (2016) పెట్టెలలో అమ్మే ఆటలుగా పేరు పొందాయి. 2018లో విడుదలైన అమాంగ్ అస్ అనే వీడియో గేమ్ 2020లో కోవిడ్ కాలంలో విశేష ప్రచారం పొంది, ఈ తరహా ఆటను ఫోనుల ద్వారా కోట్లాది మందికి పరిచయం చేసింది.

తెలుగునాట చీట్ల ఆటలు

ఏలూరు జిల్లాలోని కామవరపుకోట వంటి మెట్ట గ్రామాల నుండి కొల్లేటి లంకల వరకు, అలాగే ఇతర తెలుగు ప్రాంతాలలోను పిల్లలకు తెలిసిన రహస్య పాత్రల ఆట కాగితపు చీట్లతో ఆడేది. దీనికి ఒక నోటుపుస్తకపు కాగితం, కలము ఉంటే చాలు.

దొంగ-పోలీసు ఆటలో రాజు, మంత్రి, పోలీసు, దొంగ అని నాలుగు చీట్లు రాసి, మడిచి, కలిపి విసురుతారు. తలా ఒకటి తీసుకొన్న తరువాత, దొంగను పట్టుకోవలసినవారు తమ పాత్రను బయటపెట్టి, మిగిలినవారి ముఖాలు చూసి దొంగ ఎవరో చెప్పాలి. సరిగా చెబితే వారి మార్కులు వారికే. తప్పు చెబితే ఆ మార్కులు దొంగకు పోతాయి. సాధారణంగా రాజుకు 1000, మంత్రికి 800, పోలీసుకు 500, దొంగకు సున్నా వేస్తారు. ఊరిని బట్టి పాత్రలు, మార్కులు మారుతుంటాయి. రాముడు-సీత ఆటలో రాముడి చీటీ వచ్చినవారు సీత ఎవరో కనుగొనాలి. లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు, ఆంజనేయుడు మొదలైన పాత్రలను ఆటగాళ్ళ సంఖ్యను బట్టి చేర్చుకొంటారు.

ఈ ఆటలలో చివరన తక్కువ మార్కులు వచ్చినవారికి శిక్ష వేయడం పరిపాటి. గుంజీళ్ళు తీయడం, గోడకుర్చీ వేయడం, పాట పాడటం, మొట్టికాయ తినడం వంటివి ఇందులో ఉంటాయి. గుక్క నియమం కూడా స్వభావరీత్యా ఇటువంటి శిక్షే. ఒక్క తేడా ఉన్నది. గుంజీళ్ళు తీసినవారికి కాసేపటికి కాళ్ళ నొప్పులు తగ్గిపోతాయి. మద్యం గుక్కలు మాత్రం ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి.

మాఫియా ఆడే విధానం

ఎనిమిది మంది ఆడే ఆటలో సాధారణంగా ఇద్దరు మాఫియా, ఒక డిటెక్టివు, ఒక వైద్యుడు, నలుగురు గ్రామస్థులు ఉంటారు. ఆటను నడిపే సూత్రధారి తొమ్మిదవ వ్యక్తి. రాత్రి వేళ అందరూ కళ్ళు మూసుకొంటారు. మాఫియా మాత్రం కళ్ళు తెరచి ఒకరిని చంపేందుకు ఎన్నుకుంటుంది. వైద్యుడు ఒకరిని కాపాడవచ్చు, డిటెక్టివు ఒకరి గురించి సూత్రధారిని అడగవచ్చు. పగటి వేళ బ్రతికి ఉన్నవారు వాదించుకొని, ఓటు ద్వారా ఒకరిని బహిష్కరిస్తారు. మాఫియా అంతా బయటపడితే గ్రామం గెలుస్తుంది. మాఫియా సంఖ్య మిగిలినవారితో సమానమైతే మాఫియా గెలుస్తుంది. రాత్రితో మొదలై, వైద్యుడు ఎవరినీ కాపాడలేకపోతే, ఎనిమిది మంది ఆట మూడు పగళ్ళకు మించి సాగదు.

వాడుకలో ఉన్న గుక్క నియమాలు

* రాత్రి చనిపోయినవారు ఆట నుండి తప్పుకొనే ముందు ఒక గుక్క తాగాలి.
* నిర్దోషిని బహిష్కరిస్తే, ఆ ఓటు వేసినవారందరూ ఒక్కొక్క గుక్క తాగాలి.
* ముందుగా నిషేధించిన మాటను (ఉదాహరణకు "మాఫియా" అనే పదాన్నే) పలికినవారు తాగాలి.
* రెసిస్టెన్స్‌లో నాయకుడు ప్రతిపాదించిన జట్టును ఓటింగులో తిరస్కరిస్తే నాయకుడు తాగాలి.
* ఆట ముగిసిన తరువాత ఓడిన పక్షం అంతా తాగాలి.

ఆటపై ప్రభావం

గుక్క నియమం సరిగా కుదరాలంటే అది అందరికీ కనబడే సంఘటనకే ముడిపడి ఉండాలి. "పని చెడగొట్టిన గూఢచారి తాగాలి" అని నియమం పెడితే గూఢచారి ఎవరో వెంటనే తెలిసిపోయి ఆట అక్కడే ముగుస్తుంది. రాత్రి వేళ తాగే నియమం కూడా పనికిరాదు. కళ్ళు మూసుకొన్నప్పటికీ గ్లాసు చప్పుడు ఎటునుండి వచ్చిందో అందరికీ వినబడుతుంది.

తప్పుగా ఓటు వేసినవారికి శిక్ష వేస్తే, ఆటగాళ్ళు అనుమానాన్ని పైకి చెప్పడానికి వెనుకాడతారు. వాదన తగ్గితే లాభపడేది మాఫియాయే. అందువలన ఈ నియమం వినోదంగా కనబడినా ఒక పక్షానికి బలం చేకూరుస్తుంది. మొదటి రాత్రే చనిపోయినవారికి శిక్ష వేయడంలో మరొక లోపం ఉన్నది. వారు ఏ తప్పూ చేయలేదు, పైగా మిగిలిన ఆటంతా ఖాళీగా కూర్చోవాలి. చేతిలో గ్లాసుతో ఖాళీగా కూర్చొన్నవారు నియమంతో పని లేకుండానే తాగుతుంటారు.

ఈ ఆటలకు జ్ఞాపకశక్తి ప్రధానం. రెండవ పగలు ఎవరు ఎవరిని సమర్థించారో గుర్తుంటేనే మూడవ పగలు మాఫియాను పట్టుకోగలరు. మద్యం మొదట దెబ్బతీసేవి జ్ఞాపకం, నిర్ణయశక్తి. పొరబడినవారు తాగాలి, తాగినవారు మరింత పొరబడతారు. ఈ వలయం వలన ఒకే వ్యక్తి పదేపదే శిక్షకు గురవుతాడు. కనుక గుక్కను వ్యక్తికి గాక పక్షానికి, ప్రతి పగలు గాక ఆట చివర ఒక్కసారి మాత్రమే విధించడం సమంజసం. అందరి పాత్రలు తెలిసిన సూత్రధారి ఏ సందర్భంలోను తాగకుండా ఉండటం ఆటకు, ఆటగాళ్ళకు మేలు.

గుక్క లెక్క

గుక్క అనేది కొలత కాదు. ఒక గుక్కను సుమారు 20 మిల్లీలీటర్లుగా తీసుకొని, ఆటకు ఆరు గుక్కల చొప్పున ఐదు ఆటలు ఆడితే 30 గుక్కలు, అనగా 600 మిల్లీలీటర్లు అవుతుంది. గ్లాసులో ఉన్నదానిని బట్టి ఇందులోని శుద్ధ ఆల్కహాలు ఈ విధంగా ఉంటుంది.

* 5 శాతం బీరు: సుమారు 24 గ్రాములు
* 8 శాతం స్ట్రాంగ్ బీరు: సుమారు 38 గ్రాములు
* ఒక వంతు విస్కీకి మూడు వంతుల నీరు కలిపినది: సుమారు 51 గ్రాములు
* నీరు కలపని 42.8 శాతం విస్కీ: సుమారు 203 గ్రాములు

మనిషి శరీరం గంటకు సుమారు 7 నుండి 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే వదిలించుకోగలదు. పై జాబితాలో మొదటిదానికే రెండున్నర నుండి మూడున్నర గంటలు పడుతుంది. చివరిది ప్రాణాపాయం కలిగించగల మోతాదు. నియమం ఒక్కటే, గుక్కల సంఖ్య ఒక్కటే. గ్లాసులోని ద్రవం మారితే ఫలితం ఎనిమిది రెట్లకు పైగా మారుతున్నది. కల్లు విషయంలో ఈ లెక్క మరింత అనిశ్చితం. తాటి కల్లు చెట్టు నుండి దించిన కొద్ది గంటలలోనే పులియడం మొదలవుతుంది కనుక ఉదయం కల్లు, సాయంత్రం కల్లు ఒకటి కావు.

చట్టం, సామాజిక నేపథ్యం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో మద్యం కొనుగోలుకు కనీస వయస్సు 21 సంవత్సరాలు. ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాలలోని కళాశాలల విద్యార్థులలో అధికులు ఈ వయస్సుకు లోపువారే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండగా వాహనం నడపడం నేరం. 2019 సవరణ తరువాత మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు, పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

తెలుగునాట మద్యాన్ని వినోదంగా మాత్రమే చూడలేని చరిత్ర ఉన్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు ప్రారంభించిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధాన్ని అమలులోకి తెచ్చింది. 1997లో దీనిని సడలించారు. కామవరపుకోటకు సమీపంలోని జంగారెడ్డిగూడెంలో 2022 మార్చిలో పలువురు మరణించగా, నాటుసారాయే కారణమని మృతుల కుటుంబాలు, ప్రతిపక్షం ఆరోపించాయి. ప్రభుత్వం అవి సహజ మరణాలని పేర్కొన్నది. నాటుసారాలో ఎంత ఆల్కహాలు ఉన్నదో, మిథనాలు వంటి విషపదార్థం కలిసినదో లేదో తాగేవారికి తెలిసే మార్గం లేదు. అటువంటి ద్రవం విషయంలో ఒక గుక్క కూడా సురక్షితమని చెప్పలేము. ఆరోగ్యానికి పూర్తిగా హాని చేయని మద్యపు మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

మద్యం లేని పద్ధతి

గుక్క నియమంలోని వినోదం ఎక్కువగా అందరి ఎదుట శిక్షకు గురికావడంలో ఉంటుంది. అందువలన మద్యం లేకుండా కూడా ఇది చక్కగా సాగుతుంది. మజ్జిగ, నిమ్మరసం, గోలీ సోడా, కొబ్బరినీళ్ళు మామూలు గుక్కలకు సరిపోతాయి. ఓడిన పక్షానికి చెంచాడు కాకరకాయ రసం పెద్ద శిక్ష. మధుమేహం ఉన్నవారు తీపి పానీయాలకు బదులు మజ్జిగ ఎన్నుకోవచ్చు.

కొందరు మద్యం తాగుతూ, కొందరు తాగకుండా కలిసి ఆడే సందర్భంలో, తాగనివారిని వేరుగా గుర్తించకుండా చూడటం ముఖ్యం. అనుమానమే ఆధారమైన ఆటలో వేరుగా కనబడే గ్లాసు కూడా అనుమానానికి, ఎగతాళికి కారణమవుతుంది. లోపలి పానీయం కనబడని స్టీలు గ్లాసులు అందరికీ ఇస్తే ఈ సమస్య ఉండదు. ఎవరి గ్లాసులో ఏమున్నదో చెప్పనవసరం లేదని, ఎవరైనా ఎప్పుడైనా గుక్కకు బదులు గుంజీళ్ళు తీయవచ్చని ఆటకు ముందే చెప్పుకొంటే, ఎవరూ మొహమాటానికి తాగవలసిన అవసరం రాదు. విందులో ఎవరికి ఇష్టమైనంత వారు తాగాలని ఎరిక్సిమాకస్ బలపరచిన ఒప్పందం కూడా ఇదే.

ఇవి కూడా చూడండి

* చీట్ల ఆట
* సారా వ్యతిరేక ఉద్యమం
* కల్లు
* కామవరపుకోట