సీసం గుండు నుంచి జీపీఎస్ దాకా

చిన్న బోటుకి ఏ జీపీఎస్, ఏ డెప్త్ ఫైండర్ కొనాలి అని చాలామంది అడిగారు. మోడల్ పేర్లు చెప్పను. అసలు ఇవి ఎలా వచ్చాయో చెప్తా, ఏం చూసి కొనాలో మీకే తెలుస్తుంది.

ముందు లోతు సంగతి. వందల ఏళ్లు ఒకటే పద్ధతి: తాడు చివర సీసం గుండు కట్టి వదలడం, బారల్లో కొలవడం. 1912లో టైటానిక్ మునిగింది. రెండేళ్లకి రెజినాల్డ్ ఫెస్సెండెన్ అనే ఇంజనీరు నీళ్లలోకి శబ్దం పంపి, దూరంగా ఉన్న మంచుకొండని పట్టాడు. తమాషా ఏంటంటే, సముద్రం అడుగు నుంచి కూడా ప్రతిధ్వని వచ్చింది! డెప్త్ ఫైండర్ చేసేది ఇదే. ఉప్పునీళ్లలో శబ్దం సెకనుకి దాదాపు 1500 మీటర్లు వెళ్తుంది. 0.1 సెకన్లో తిరిగొస్తే, రానూపోనూ 150, అంటే లోతు 75 మీటర్లు. కోడ్ రాస్తే ఒక్క లైను.

జీపీఎస్ అమెరికా సైన్యం కోసం పుట్టింది. 1983 సెప్టెంబర్ 1న దారితప్పిన కొరియా విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చేసింది. 269 మంది పోయారు. ఆ తర్వాతే రీగన్ ప్రభుత్వం దీన్ని మామూలు జనానికీ ఇస్తామంది. ఇచ్చారు, కానీ కావాలనే సిగ్నల్‌లో తప్పు కలిపారు. 100 మీటర్ల దాకా తేడా! రాత్రిపూట మొగలోంచి లోపలికొచ్చే పడవకి 100 మీటర్లంటే ఇసకమేట మీదికి ఎక్కడమే. 2000 మేలో ఆ తప్పు కలపడం ఆపేశారు. ఎవరూ డబ్బా మార్చలేదు, రాత్రికి రాత్రే అందరిదీ బాగుపడింది. సర్వర్ సైడ్ అప్‌డేట్ అన్నమాట.

అయినా చుక్క ఒక్కటే చాలదు. 2018లో గుజరాత్ నుంచి వేటకెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. నీళ్ల మీద సరిహద్దుకి కంచె ఉండదు కదా. అందుకే కొనేముందు మ్యాప్‌లో సరిహద్దు గీత ఉందా, దగ్గరికెళ్తే అలారం మోగుతుందా చూడండి.

ఐపీఎక్స్7 రేటింగ్ అంటే మీటరు లోతులో అరగంట తట్టుకుంటుందని. ఉప్పు తుప్పుకి అది గ్యారంటీ కాదు. లోతు తక్కువ చోట 200 కిలోహెర్ట్జ్, బాగా లోతుకి 50. రెండూ ఒకే డబ్బాలో ఉంటే చవకే, కానీ అది పోతే రెండూ పోతాయి. నేనైతే విడిగా తీసుకుంటా.

ఇంకోటి. స్క్రీన్ మీద లోతు నీటి పైనుంచా, పడవ కింద సెన్సర్ నుంచా? కట్టేసిన చోటే సీసం గుండు వదిలి చూడండి, తెలిసిపోతుంది.