కలివిపొద – కలివికోడి

బస్తరు దక్షిణ భాగమున, నేటి బిజాపూరు జిల్లాలో తర్రెం అను పల్లె కలదు. అచ్చటినుండి అడవులు దాటి దక్షిణమునకు వచ్చినచో గోదావరి లోయ చేరుదుము. ఆ లోయలో సిరొంచ, భద్రాచలము ప్రాంతములందు పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున బ్లాన్‌ఫర్డ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక అరుదైన పక్షిని గుర్తించెను. తెలుగువారు దానిని కలివికోడి యందురు.

కలివిని గూర్చి మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు. అది వాక్కాయకు దగ్గరి చుట్టము. తెల్లని పరిమళపు పూలు, జంట ముండ్లు, త్రుంచిన పాలు కారు కొమ్మలు, పండిన నల్లబడు కాయలు. పశువుల కాపరి పిల్లలు ఆ పండ్లకొరకు చేతులు గీరుకొనని యూరుండదేమో! గొడ్డలితో నరికినను మొదలునుండి మరల చిగిర్చును. ముండ్లున్నందున పశువులు దానిని నిశ్శేషముగ మేయజాలవు.

పక్షి చరిత్రము ఇట్టిది కాదు. మద్రాసు సైన్యమున వైద్యుడైన జెర్డన్ తూర్పు కనుమలలో దీనిని కనుగొనగా, 1848లో బ్లైత్ శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. రొమ్మున రెండు పట్టీలుండుటచే శాస్త్రనామమున ‘రెండు కంఠాభరణములు గలది’ అనిరి. 1900లో అనంతపురము దాపున కనబడిన పిమ్మట ఎనుబది యైదేండ్లు ఏ పండితుని కంటను పడలేదు. అంతరించిన పక్షులలో దానిని లెక్కించిరి.

అయినను కడప జిల్లా పల్లెలలో కలివికోడి యను పేరు చావలేదు. 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అన్వేషణ ఫలితముగ, లంకమల కొండల చెంత రెడ్డిపల్లె దగ్గర స్థానికుడొకడు ఆ పక్షిని పట్టి తెచ్చెను. గ్రంథములు మృతమన్న దానిని రాత్రివేళ అడవి తిరుగువారు ఎరిగియే యుండిరి.

పొద విరివిగనున్నంతనే పక్షి క్షేమమని తలచుట పొరపాటు. కలివికోడి నిశాచరి, నేలపై పరుగెత్తి పురుగులను ఏరుకొని తినును. పొదలు దట్టమైన పరుగునకు చోటుండదు. అన్నియు నరికిన దాగుటకు నీడ యుండదు. నడుమ ఖాళీ నేలలు గల పలుచని చిట్టడవియే దానికి ఇల్లు. పశువుల మేత, కట్టెల నరకుడు మితముగ నున్నంతవరకే ఆ పొందిక నిలుచును.

1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. పిదప పరిశోధకులు నేలపై ఇసుక పరచి, ఉదయమున అడుగుజాడలు వెదకిరి. తెలుగుగంగ కాలువ సహితము ఈ పక్షి కొరకు దారి మార్చుకొనవలసి వచ్చెను.