కప్పు మార్చాలంటే ఇల్లు కదలాలి

తుపానుకు ఇల్లు దెబ్బతింటే సర్కారు ఇచ్చే సాయానికి ఓ లెక్క ఉంది. 2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000 రూపాయలు. కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. అదీ నష్టం కనీసం 15 శాతం ఉంటేనే. గుడిసె పోతే 8,000. గోడలు నిలబడి కప్పు మాత్రం లేచిపోయిన ఇల్లు చాలాసార్లు ఆ నాలుగు వేలో, ఆరున్నర వేలో దక్కే వరుసలోకి వస్తుంది. ఆ డబ్బు వడ్రంగికి, ఇద్దరు కూలీలకు నాలుగు రోజులు కూడా రాదు. కలప, పెంకులు, మేకులు, రవాణా అన్నీ ఇంటివాళ్ళ నెత్తినే.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో ఈ లెక్క ఎన్నో కుటుంబాలకు అనుభవంలో ఉన్నదే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 1990 మే 9న వచ్చిన పెను తుపాను కృష్ణ సముద్రంలో కలిసే చోట ఒడ్డుకెక్కి రాష్ట్రంలో దాదాపు వెయ్యిమందిని పొట్టన పెట్టుకుంది. వాటన్నిటికీ ముందు 1977 నవంబరు 19. ఆ సాయంత్రం నిజాంపట్నం దగ్గర తీరం దాటిన తుపానులో దివిసీమ, రేపల్లె, బాపట్ల తీరాల్లో సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. దాదాపు పదివేల మంది చనిపోయారు. ఆనాటి తీరగ్రామాల్లో పేదల ఇళ్ళు ఎక్కువ భాగం మట్టి గోడలు, తాటాకు కప్పులవి. ఉప్పెనకు మట్టి గోడ కరిగిపోయింది. గాలికి కప్పు లేచిపోయింది. ఎక్కి ప్రాణం దక్కించుకోవడానికి డాబా అన్నది చాలా పల్లెల్లో లేదు. ఆ తర్వాత తీరం వెంట తుపాను రక్షణ భవనాలు లేచాయి. కాంక్రీటు స్లాబు ఉన్న ఇల్లంటే ప్రాణానికి భరోసా అన్న నమ్మకం ఈ ప్రాంతపు మనసులో అలా పాతుకుపోయింది. ఈ నమ్మకాన్ని గుర్తుపెట్టుకోకుండా డెల్టాలో ఇంటి కప్పుల కథ అర్థం కాదు.

అంతకుముందు తరతరాలుగా ఇక్కడ కప్పంటే తాటాకే. బాపట్ల వైపు ఇసుక నేలల్లో తాడిచెట్లకు కొదవ లేదు. పంట ఇంటికి చేరాక, వానలు మొదలయ్యేలోగా కమ్మలు కొట్టించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, బరువు పెట్టి అణచి, ఎండిన తర్వాత ఇల్లు నేసేవాళ్ళను పిలిచేవారు. నిట్రాడు, దూలం, వాసాలు తాటి కొయ్యవే. కట్లు వేసేది నారతోనూ, కొబ్బరి తాడుతోనూ. చిన్న ఇంటికి కూడా వందల కమ్మలు కావాలి. చెట్లు సొంతానివైతే సరే, లేకపోతే కమ్మకింత అని కొనాలి. నేత పని తెలిసినవాళ్ళు ఊరికి కొద్దిమందే ఉండేవారు కాబట్టి వేసవి రెండు నెలలూ వాళ్ళకు తీరిక ఉండేది కాదు. తమ వంతు వచ్చేదాకా ఆకాశం వంక చూస్తూ కూర్చోవలసిందే. ఇంత చేసినా ఆ కప్పు రెండు మూడేళ్ళ ముచ్చటే. వరిగడ్డి కప్పయితే అంతకన్నా తక్కువ. పైగా నిప్పు భయం. మండు వేసవిలో ఒక పొయ్యి నిప్పురవ్వ గాలికి లేస్తే వరసలో ఉన్న ఇళ్ళన్నీ అంటుకునేవి. పక్కింటి కప్పు మీదకెక్కి ఆకు పీకి పారేయడమే అప్పుడు చేయగల పని.

తాటాకు చౌక అని బయటివాళ్ళు అనుకుంటారు. ముప్పై ఏళ్ళలో పది పన్నెండు సార్లు కప్పించిన ఖర్చు ఎవరైనా కూడితే ఆ మాట నిలవదు. పేదవాడు ఒక్కసారిగా పెట్టలేని పెట్టుబడికి బదులు బతికినంత కాలం వాయిదాలు కట్టాడు.

కాస్త కలిగినవాళ్ళు పెంకుకు మారారు. మొదట కుమ్మరి చేసిన గూన పెంకులు. సారె మీద గొట్టంలా లేపిన మట్టిని నిలువునా రెండుగా చీల్చి కాల్చినవి. అవి కప్పు మీద ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయే తప్ప పట్టుకుని ఉండవు. కోతి గెంతినా, పిల్లి పరుగెత్తినా కదులుతాయి. అందుకే ఏటా వానలకు ముందు పెంకులు సర్దించడం అన్నది ఇంటి పనుల్లో ఒకటైంది. తర్వాత వచ్చినవి మరలో ఒత్తి చేసిన బల్లపరుపు పెంకులు. వాటిని మన వైపు బెంగుళూరు పెంకులంటారు కానీ పుట్టిన ఊరు మంగుళూరు. బాసెల్ మిషన్‌కు చెందిన జార్జ్ ప్లెబ్స్ట్ అక్కడ 1865లో తొలి ఫ్యాక్టరీ పెట్టాడు. ఒకదాని గాడిలో మరొకటి కూర్చునే ఈ పెంకులు నూరు చదరపు అడుగులకు 150 దాకా పడతాయి. కోసిన రీపర్లు కొలత ప్రకారం కొడితేనే ఇవి కుదురుగా కూర్చుంటాయి. గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు 1916లో రైలు వచ్చింది. అంతకు ముందునుంచే కొమ్మమూరు కాలువలో పడవలు తిరిగేవి. దూరపు కలప, పెంకులు డెల్టా ఊళ్ళకు చేరడానికి దారి అప్పటికే పడి ఉంది.

తెనాలి కథ కొంచెం వేరు. 1909లోనే పురపాలక సంఘం ఏర్పడి, ధాన్యం వ్యాపారం పెరిగి, డబ్బు తిరిగిన పట్టణం. ఇలాంటి ఊళ్ళలో షావుకార్లు, పెద్ద రైతులు కట్టుకున్న పాత మేడల్లో టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి, గానుగ సున్నంతో పట్టించిన మద్రాసు టెర్రస్ కప్పులు కనిపిస్తాయి. ఇటుక ముక్కలు, సున్నం కలిపి పైన పోసి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చల్లుతూ, కూలీలు వరసగా కూర్చుని కొయ్య దిమ్మిసలతో రోజుల తరబడి కొడితే గానీ ఆ గచ్చు గట్టిపడదు. ఆ ఓపికకు ప్రతిఫలంగా అది మూడు తరాలకు నీడనిచ్చింది. దానికి చేటు తెచ్చేది గోడలో దాగి ఉన్న దూలం కొస. తేమ చేరి కుళ్ళినా, చెద పట్టినా బయటికి కనిపించదు. ఒక్క దూలం మార్చాలంటే పైనున్న గచ్చంతా తవ్వాలి. మళ్ళీ అలా కొట్టి పోసే మేస్త్రి ఈ రోజు దొరకడం గగనం. దాంతో చాలామంది పడగొట్టడానికే సిద్ధపడుతున్నారు. బాగున్న టేకు దూలం కనీసం పాత కలప వ్యాపారి చేతికైనా చేరుతుంది, ఆ పనితనానికి ఆ గతి కూడా లేదు.

పెంకుకూ స్లాబుకూ మధ్య మజిలీగా వచ్చింది సిమెంటు రేకు. 1946లో హైదరాబాదులో మొదలైన కంపెనీ చార్మినార్ పేరుతో అమ్మిన రేకులు ఊరూరా చేరాయి. ఒక్క రోజులో కప్పు పడుతుంది, ఖర్చు తక్కువ, నిప్పు భయం లేదు. అయితే వేసవి మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉండటం నరకం. ఈ రేకుల్లో చాలాభాగం ఆస్బెస్టాస్ కలిపినవి. ఆ పీచు ఏ రకమైనా కేన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి పూర్తిగా నిషేధించింది. మన దేశంలో రేకుల తయారీ, అమ్మకం ఇంకా సాగుతున్నాయి. పాత రేకులు దించేటప్పుడు సుత్తితో పగలగొట్టి కింద పడేయడం మామూలైపోయింది. అలా చేయకూడదు. నీళ్ళతో తడిపి, మేకులు ఊడదీసి, రేకును ముక్కలు కాకుండా దించాలి. ముక్కు, నోరు కప్పుకోవాలి. పిల్లల్ని దరిదాపుల్లో ఉంచకూడదు. ఆ పని చేసే కూలీకి ఈ సంగతి చెప్పే బాధ్యత ఇంటి యజమానిదే.

ఇక స్లాబు. పాత పెంకుటింటికి పెంకులు దించేసి స్లాబు వేయిద్దామనుకున్న ప్రతి కుటుంబానికీ మేస్త్రి మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది: ఈ గోడలు ఆగవండీ. అందులో అతిశయోక్తి లేదు. పెంకులు, రీపర్లు, వాసాలు అన్నీ కలిపి చదరపు మీటరుకు దాదాపు 65 కిలోల బరువు. నాలుగున్నర అంగుళాల కాంక్రీటు స్లాబు అదే చదరపు మీటరుకు 285 కిలోలు. 340 చదరపు అడుగుల చిన్న ఇంటికి లెక్క వేస్తే పెంకు కప్పు రెండు టన్నులు, స్లాబు తొమ్మిది టన్నులు. బంకమట్టితో పేర్చిన గోడ, లోతు లేని పునాది ఆ తొమ్మిది టన్నులు మోయలేవు. డెల్టా నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బిగుసుకునే నేల. పునాది బలంగా లేకపోతే పైబరువు పెరిగిన కొద్దీ గోడ నెర్రెలు విచ్చుతుంది. కాబట్టి పిల్లర్లు లేపాలి, బీములు పోయాలి, చివరికి గోడలూ కొత్తవే కట్టాలి. కప్పు మార్చుకుందామని మొదలైన మాట కొత్త ఇల్లు కట్టడం దగ్గర తేలుతుంది. అప్పుల పత్రాల మీద సంతకాలు పడేది ఈ మలుపులోనే.

అదే 340 చదరపు అడుగుల స్లాబుకు సుమారు 30 బస్తాల సిమెంటు, మూడు క్వింటాళ్ళ ఇనుము పడుతుంది. ఇసుక, కంకర, సెంట్రింగు అద్దె, రాడ్ బెండర్ల కూలి, మిల్లరు అద్దె, స్లాబు రోజు పనివాళ్ళందరికీ భోజనాలు వేరే. 2025 సెప్టెంబరు 22 దాకా సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, ఇప్పుడు 18కి దిగింది. పేదవాడు ఇంటి కప్పుకు కొనే బస్తా మీద అన్నేళ్ళు అత్యధిక పన్ను శ్లాబు అమలు కావడం ఏ విధంగానూ న్యాయం కాదు.

డబ్బు ఒక ఎత్తు, ఆ నెలలు గడపడం ఇంకో ఎత్తు. కప్పు దించిన ఇంట్లో ఉండలేరు. అద్దె గది వెతకాలి, లేదా బంధువుల వసారాలో సర్దుకోవాలి. బీరువా, మంచాలు, బియ్యం బస్తాలు, దేవుడి పటాలు ఇరుగుపొరుగు ఇళ్ళల్లో చేరతాయి. మూఢం, ఆషాఢం చూసుకుని ముహూర్తం పెట్టుకోవాలి. మే నెలలో తుపాను భయం, జూన్ నుంచి వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మళ్ళీ తుపాన్లు. సంక్రాంతి నుంచి ఏప్రిల్ చివరిదాకా ఉన్న కొద్ది వ్యవధిలోనే అందరూ పని పెట్టుకుంటారు. మేస్త్రి మూడు చోట్ల ఒప్పుకుని మూడు చోట్లా రోజు మార్చి రోజు కనిపిస్తాడు. స్లాబు పోశాక నీళ్ళు కట్టి తడపాలి, సెంట్రింగు విప్పేదాకా కాచుకోవాలి. నెలన్నర అనుకున్నది నాలుగు నెలలవుతుంది. వృద్ధులున్న ఇళ్ళలో, పదో తరగతి పరీక్షలకు కూర్చునే పిల్లలున్న ఇళ్ళలో ఆ నాలుగు నెలలు ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుసు.

ఇంత చేసి వేసిన స్లాబయినా కలకాలం ఉంటుందా అంటే, తీరంలో అదీ జాగ్రత్తను బట్టే. ఉప్పుగాలి, ఉప్పు నీళ్ళు, కడగని ఇసుక మూడూ ఇనుముకు శత్రువులు. లోపల కమ్మీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింద పెచ్చులు ఊడిపడతాయి. భారత ప్రమాణాల ప్రకారం మామూలు వాతావరణంలో కమ్మీ కింద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు చాలు. సముద్రపు గాలికి నేరుగా గురయ్యే కట్టడానికి 45 మిల్లీమీటర్లు ఉండాలి, కాంక్రీటు కూడా ఎం-30 రకానికి తగ్గకూడదు. తీరగ్రామాల్లో చిన్న ఇళ్ళు కట్టే ఎంతమంది మేస్త్రీలకు ఈ మాట చేరింది? కారుతున్న పాత స్లాబు మీద ఇనుప గొట్టాలు నిలబెట్టి రంగు రేకులు కప్పిన ఇళ్ళు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి.

స్లాబు వేయలేనివాళ్ళకు గాలిని తట్టుకునే కప్పు అసలు లేదా? ఉంది. ప్రమాణాల పటంలో విజయవాడ సహా ఈ ప్రాంతానికి ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అంత గాలి కప్పు మీదుగా పోయేటప్పుడు దాన్ని పైకి లాగుతుంది. మరీ చదునుగా ఉన్న రేకుల కప్పు అందుకే ముందు లేస్తుంది. నాలుగు వైపులా వాలు, ఆ వాలు 22 నుంచి 30 డిగ్రీలు, వాసాన్ని గోడకూ గోడను పునాదికీ బిగించే ఇనుప పట్టీలు, చూరు దగ్గరా కొప్పు దగ్గరా పెంకులకు సిమెంటు కట్టు ఉంటే పెంకుటిల్లు కూడా చాలా గాలికి నిలుస్తుంది. అయితే ఉప్పెన వచ్చే తీరంలో ఏ కప్పు ఉన్నా రక్షణ భవనానికి వెళ్ళాల్సిందే.

ఇలాంటి బాగుచేతకు ఒకప్పుడు ప్రభుత్వ పద్దు ఉండేది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజనలో 1999 నుంచి 20 శాతం నిధులను కచ్చా ఇళ్ళ మెరుగుకు కేటాయించారు. ఇంటికి మొదట 10,000, తర్వాత 12,500, 2008 నుంచి 15,000 రూపాయలు. 2016లో దాని స్థానంలో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన 1,20,000 రూపాయల కొత్త ఇంటి మీద దృష్టి పెట్టింది. రాష్ట్రంలో 2006 నాటి ఇందిరమ్మ అయినా, 2020 డిసెంబరు 25న మొదలైన జగనన్న కాలనీలైనా కొత్త ఇళ్ళ లెక్కలే. ఉన్న ఇంటి గోడలు బాగుండి కప్పు మాత్రం పాడైన కుటుంబానికి ఈ పథకాల్లో చోటు దొరకడం కష్టం. ఇల్లుందన్న కారణంతో అర్హత పోతుంది, ఆ ఇంట్లో వానకు తడవక తప్పదు.

కచ్చా ఇళ్ళ మెరుగుకు ఉన్న ఆ 20 శాతం కేటాయింపును నేటి ధరలకు తగిన మొత్తంతో మళ్ళీ తేవాలి. తీర మండలాల్లో కప్పు పోయిన ఇంటికి ఇచ్చే నాలుగు వేలను కప్పు వేయడానికయ్యే ఖర్చు ప్రకారం సవరించాలి. మేస్త్రీలకు, వడ్రంగులకు తుపాను నిబంధనల్లో శిక్షణ ఇవ్వాలి. వచ్చే సంక్రాంతి తర్వాత పాత గోడల మీద స్లాబు వేయించాలనుకుంటున్నవాళ్ళు బయానా ఇచ్చే ముందే ఒక ఇంజినీరుతో గోడ, పునాది చూపించుకోండి. గోడలు ఆగవని తేలితే పట్టీలు కట్టిన నాలుగు వాలుల పెంకు కప్పుకు ఎంతవుతుందో కూడా అడగండి.